కండెన్సర్ డబ్బా, కెపాసిటర్ పాఠం: వ్యవసాయ పంపుసెట్ల కెపాసిటర్ భద్రతపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

విద్యుత్ కెపాసిటర్ల నిర్మాణంలో కాగితం, నూనెల స్థానాన్ని లోహపు పూత గల పాలీప్రొపిలీన్ పొర ఆక్రమించడంతో వాటి భద్రత ఎంతో పెరిగింది. అయితే అదే మార్పు కెపాసిటర్ చెడిపోయే తీరును కూడా మార్చింది. పాతది చెడిపోతే చూసేవారికి తెలిసేది. కొత్తది చప్పుడు లేకుండా నిరుపయోగమవుతుంది. ఈ మార్పును గుర్తుపట్టడానికి కావలసిన పాఠం తెలుగులో ఏర్పడలేదన్నది ఈ వ్యాసం ప్రతిపాదన. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు బోరుబావి సాగును దృష్టిలో ఉంచుకొని పాఠ్యపుస్తకాన్ని, ఉచిత విద్యుత్తు షరతును, పరిశోధన ధోరణిని ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: కెపాసిటర్, కండెన్సర్, రోధకం, పంపుసెట్టు, శక్తి గుణకం, భద్రత, సాంకేతిక పరిభాష.

ఉపోద్ఘాతం

మదనపల్లె నుంచి కదిరి వెళ్ళే దారిలో ఉంది అంగళ్లు. 1998లో స్థాపితమైన మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ అక్కడే ఉంది. చుట్టుపక్కల పల్లెలలో టమాటా, మల్బరీ సాగు ప్రధానంగా బోరుబావుల మీద నడుస్తుంది. కళాశాల తరగతి గదిలో ‘కెపాసిటర్’ అని పిలిచే వస్తువును బోరు దగ్గర స్టార్టరు డబ్బా తెరిచిన మెకానిక్కు ‘కండెన్సర్’ అంటాడు. ఇంట్లో ఫ్యాను తిరగకపోయినా ‘కండెన్సర్ పోయింది’ అనే అంటాము.

ఈ రెండో పేరును మోటు ప్రయోగంగా భావించేవారున్నారు. అది సరికాదు. 1782లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ఈ పరికరానికి పెట్టిన పేరు నుంచి వచ్చినదే కండెన్సర్ అన్న మాట. శాస్త్రగ్రంథాలు తరువాత ఆ మాటను వదులుకున్నాయి, మెకానిక్కు వదులుకోలేదు. కాబట్టి ఇక్కడున్నది శుద్ధానికీ అశుద్ధానికీ మధ్య తేడా కాదు. ఒకే వస్తువును గురించి మాట్లాడే రెండు సమూహాలు ఒకరి మాట మరొకరికి చేరకుండా పోయిన స్థితి. భద్రతకు సంబంధించిన జ్ఞానమంతా మొదటి సమూహం దగ్గర, ప్రమాదమంతా రెండవ సమూహం దగ్గర ఉండడమే ఇందులోని చిక్కు.

పాఠ్యపుస్తకంలోని కెపాసిటర్

ఇంటర్మీడియట్ ద్వితీయ సంవత్సర భౌతికశాస్త్రం ఎన్‌సీఈఆర్‌టీ ప్రణాళికను అనుసరిస్తుంది. సమాంతర పలకల కెపాసిటర్, రోధకం ప్రభావం, శ్రేణి-సమాంతర సంధానాలు, నిల్వ ఉండే శక్తి అన్న క్రమంలో పాఠం సాగుతుంది. పలకల వైశాల్యం పెరిగితే కెపాసిటెన్స్ పెరుగుతుంది, మధ్య దూరం పెరిగితే తగ్గుతుంది. సూత్రం స్పష్టంగా ఉంది, లెక్కలు బాగున్నాయి. ఏకాంతర విద్యుత్ అధ్యాయంలో శక్తి గుణకం తక్కువైతే ప్రసార నష్టం ఎందుకు పెరుగుతుందో, కెపాసిటర్ దానిని ఎట్లా సరిచేస్తుందో వివరించే ఉదాహరణ కూడా ఉంది. పంపుసెట్టుకు పుస్తకం అత్యంత సమీపంగా వచ్చే చోటు అదే. ఆ ఉదాహరణలో పంపుసెట్టు మాత్రం లేదు.

విద్యుదాఘాతం ప్రస్తావన పూర్తిగా లేదనలేము. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పాత కూర్పులలోని అదనపు అభ్యాసాలలో, ఒక మనిషి సాయంత్రం ఇంటి బయట బంధకపు దిమ్మె మీద అల్యూమినియం రేకు అమర్చి తెల్లవారి దానిని ముట్టుకుంటే ఆఘాతం కలుగుతుందా అన్న ప్రశ్న ఉండేది. వాతావరణంలోని ఆవేశం గురించి ఆలోచింపజేసే చక్కని ప్రశ్నే. కానీ ఎవరూ అమర్చని రేకు గురించి ఆలోచించే విద్యార్థికి, తన తండ్రి పొలంలోని డబ్బాను మెయిన్ ఆపేసిన వెంటనే ముట్టుకోవచ్చునా అన్న ప్రశ్న ఎదురుకాదు.

పరిభాష మరొక ఇబ్బందిని తెచ్చిపెట్టింది. కెపాసిటర్ పలకల మధ్య ఉండే పదార్థం ‘రోధకం’. విద్యుత్ ప్రవాహాన్ని అడ్డగించే పరికరం ‘నిరోధకం’. విద్యుత్తును పోనివ్వని వస్తువు ‘బంధకం’. రోధకం, నిరోధకం అన్న మాటలకు ఒక్క అక్షరమే తేడా. భద్రత గురించి తెలుగులో రాయబోతే ఈ రెండూ ఒకే వాక్యంలోకి వస్తాయి: రోధకంలో నిలిచిన ఆవేశాన్ని ఉత్సర్గ నిరోధకం ఖాళీ చేస్తుంది. ఈ వాక్యం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. దీనిని చదివి చేయి కాపాడుకోగల మెకానిక్కు మాత్రం ఉండడు.

‘తగిన’ అన్న ఒక్క మాట

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. దానికి జతగా విధించిన షరతులలో ఐఎస్ఐ గుర్తు గల పంపుసెట్టు, ఘర్షణ తక్కువ ఉండే ఫుట్‌వాల్వు, హెచ్‌డీపీఈ లేదా ఆర్‌పీవీసీ పైపు, తగిన రేటింగు గల కెపాసిటర్ ముఖ్యమైనవి. ఉద్దేశం సమంజసమైనది. 5 కిలోవాట్లు తీసుకునే మూడు ఫేజుల మోటారును ఉదాహరణగా తీసుకుందాం. 415 వోల్టుల వద్ద శక్తి గుణకం 0.75 అయితే లైనులో సుమారు 9.3 ఆంపియర్లు పారుతుంది. కెపాసిటర్‌తో దానిని 0.95కు పెంచితే 7.3 ఆంపియర్లు చాలు. తీగలో నష్టం విద్యుత్ ప్రవాహపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక ఆ మోటారు కారణంగా లైనులో కలిగే నష్టం దాదాపు 38 శాతం తగ్గుతుంది.

కానీ ఈ లాభం ఎవరిది? కెపాసిటర్‌కు, ట్రాన్స్‌ఫార్మర్‌కు మధ్య ఉన్న తీగది, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరిది. మోటారు చుట్టలో పారే విద్యుత్తు దాదాపు మారదు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విద్యుత్తుపై పరిశోధించిన క్రిస్టియన్ కిమ్మిష్ దీనిని సమన్వయ సమస్యగా వివరించారు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులలో తగినంతమంది కెపాసిటర్లు పెట్టుకుంటేనే వోల్టేజీ మెరుగై మోటార్లు కాలడం తగ్గుతుంది. ఒక్కడే పెట్టుకుంటే అతనికి కనబడే ఫలితం స్వల్పం. రైతు అజ్ఞానం వల్లనే కెపాసిటర్లు నిలవలేదన్న తేలిక మాటకు ఈ విశ్లేషణ గట్టి సమాధానం. అయితే కిమ్మిష్ దృష్టి ప్రధానంగా రైతుల మధ్య సంబంధం మీద ఉంది. డబ్బా లోపల ఏమవుతుందన్నది ఆ విశ్లేషణకు బయటే ఉండిపోయింది.

షరతులోని ‘తగిన’ అన్న మాట కిలోవార్ రేటింగును మాత్రమే ఉద్దేశిస్తుంది. ఎంత వేడికి తగినది, ఎంత వోల్టేజీ హెచ్చుతగ్గులకు తగినది, ఎన్నేళ్ళకు మార్చవలసినది అన్నవి ఆ మాటలో ఇమడలేదు. కెపాసిటర్ అందించే కిలోవార్ వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుందన్న ప్రాథమిక విషయాన్ని కూడా అది పట్టించుకోదు. లైను చివర 300 వోల్టులే అందే చోట కెపాసిటర్ తన రేటింగులో సగం మాత్రమే ఇస్తుంది. అంటే సాయం అత్యవసరమైన చోటనే దాని సాయం తక్కువ.

ఇదే వస్తువుకు మరొక రహస్య జీవితం కూడా ఉంది. మూడు ఫేజులూ లేని సమయంలో కెపాసిటర్లతో లేని ఫేజును కల్పించి మోటారు నడిపే ఉపాయం పల్లెలకు తెలుసు. గుజరాతులో దానిని ‘తోటా’ అంటారని తుషార్ షా తదితరుల రచనల వల్ల తెలుస్తుంది. ఒకే పరికరాన్ని ఒకచోట తప్పనిసరి చేసి, మరొకచోట నేరంగా చూసే వ్యవస్థ, ఆ రెండు వాడుకల మధ్య తేడాను రైతుకు ఓపికగా వివరించి ఉండవలసింది.

పదార్థం మారింది, చావు మారింది

పూర్వపు పవర్ కెపాసిటర్లలో అల్యూమినియం రేకుల మధ్య కాగితం చుట్టి నూనెలో ముంచేవారు. నూనె నిప్పు అంటుకుంటుందని 1930ల నుంచి పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్, అంటే పీసీబీలు, వాడారు. అవి మండవు, విద్యుత్ ధర్మాలు ఉత్తమం. భద్రత కోసమే వచ్చిన ఆ పదార్థం నేలలో, నీటిలో, జీవుల కొవ్వులో చేరి పోకుండా నిలిచే విషమని తరువాత తేలింది. భద్రత అన్న మాటకు ఎవరి భద్రత అన్న ప్రశ్న ఎప్పుడూ తోడుగా ఉండాలని ఈ ఒక్క చరిత్ర చాలు చెప్పడానికి.

నేడు పంపుసెట్లకు అమర్చే కెపాసిటర్లలో ఉండేది కొన్ని మైక్రాన్ల మందం గల పాలీప్రొపిలీన్ పొర, దాని మీద అతిపలుచని జింకు లేదా అల్యూమినియం పూత. పొరలో ఎక్కడైనా బలహీనమైన చోట విద్యుత్తు చీల్చుకొని పోతే, ఆ వేడికి చుట్టూ ఉన్న లోహపు పూత ఆవిరై, ఆ చోటు మిగతా భాగం నుంచి వేరుపడుతుంది. కెపాసిటర్ పనిచేస్తూనే ఉంటుంది. దీనిని ఇంగ్లీషులో ‘తనను తాను మాన్పుకోవడం’గా వర్ణిస్తారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 13340 ఈ తరగతి కెపాసిటర్ల కోసమే ఉద్దేశించింది.

ఈ వర్ణనను తెలుగులో యథాతథంగా ‘స్వయం స్వస్థత’ అని దించుకోవడం ప్రమాదకరమని నా అభిప్రాయం. మానిన గాయం చోట కొత్త చర్మం వస్తుంది. ఇక్కడ ఏమీ రాదు. దెబ్బతిన్న ప్రతిసారీ కెపాసిటర్ కొంత వైశాల్యాన్ని శాశ్వతంగా వదులుకుంటుంది, వైశాల్యంతో పాటు కెపాసిటెన్స్‌నూ కోల్పోతుంది. పుండుపడిన కొమ్మను కొట్టేసి చెట్టును నిలుపుకోవడం వంటిది ఇది. కొమ్మలు అయిపోయేదాకానే ఆ ఉపాయం పనిచేస్తుంది. అందుచేత మూడు నాలుగేళ్ళ తరువాత డబ్బా చెక్కుచెదరకుండా కనిపిస్తూనే లోపల సగం ఖాళీ అయి ఉండవచ్చు. తనిఖీకి వచ్చినవారికి కెపాసిటర్ ఉన్నట్టే లెక్క. లైనుకు మాత్రం అది లేనట్టే.

దీనిని కనిపెట్టడం కష్టమేమీ కాదు. 2 కిలోవార్ కెపాసిటర్ 415 వోల్టుల వద్ద ఒక్కొక్క తీగలో సుమారు 2.8 ఆంపియర్లు తీసుకోవాలి. మెకానిక్కు దగ్గరుండే టాంగ్ టెస్టరుతో కొలిస్తే 1.4 మాత్రమే వచ్చిందంటే సగం పోయినట్టే. వోల్టేజీ తక్కువగా ఉంటే ఆ నిష్పత్తిలో ఆంపియర్లు కూడా తగ్గుతాయి, 350 వోల్టుల వద్ద సుమారు 2.35 ఉండాలి. ఈ రెండు వాక్యాలు డబ్బా మీద తెలుగులో ఉంటే చాలు. కెపాసిటెన్స్‌ను లెక్కకట్టడం నేర్పే పుస్తకం ఉంది కానీ, అది తగ్గిందని గుర్తుపట్టడం నేర్పే పేజీ లేదు.

రక్షణకు షరతులు

ఉష్ణోగ్రత, వోల్టేజీల విషయంలోనూ ఇంతే. ‘డి’ తరగతి కెపాసిటర్ పరిసర ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటకూడదు, 24 గంటల సగటు 45 డిగ్రీలు దాటకూడదు. రాయలసీమ ఎండలో నీడ లేని రేకు డబ్బా లోపల మధ్యాహ్నం ఎంత వేడి ఉంటుందో ఊహించవచ్చు. రేటింగు కంటే 10 శాతం ఎక్కువ వోల్టేజీని రోజుకు 8 గంటలు మాత్రమే ఓర్చుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60831 చెబుతుంది. మోటార్లు ఆగిపోయి లైను మీద భారం తగ్గిన వేళల్లో వోల్టేజీ లేస్తుంది. ఆ గంటలను ఎవరూ లెక్కపెట్టరు.

లోపల వాయువు పేరుకొని డబ్బా ఉబ్బితే అంతర్గత తీగ తెగి కెపాసిటర్ వేరుపడే ఏర్పాటు నేటి నమూనాలలో ఉంది. తెలివైన ఏర్పాటు. కానీ డబ్బా పైభాగం ఉబ్బడానికి ఖాళీ ఉంటేనే అది పనిచేస్తుంది. స్టార్టరు పెట్టెలో చోటు లేక కెపాసిటర్‌ను ఇరికించి పైన చెక్క బిగిస్తే, రూపకర్త ఇచ్చిన రక్షణను బిగించినవారు తెలియక తీసేసినట్టే.

ఆవేశం విషయం ఇంకా సున్నితమైనది. సరఫరా ఆగిన క్షణంలో కెపాసిటర్ మీద గరిష్ఠంగా 587 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు. అది 3 నిమిషాలలో 75 వోల్టులకు దిగాలని ఐఈసీ 60831 నిర్దేశం. అందుకే ఉత్సర్గ నిరోధకం ఉంటుంది. మోటారు చుట్టకు తిన్నగా కలిపి ఉంటే ఆవేశం ఆ చుట్ట గుండానే పోతుంది. కాబట్టి అసలు ప్రమాదం కలిపి ఉన్నప్పుడు కాదు, విడదీసినప్పుడు. ఫ్యూజు పోయి కెపాసిటర్ ఒంటరిగా మిగిలినప్పుడు, నిరోధకం విరిగినదాన్ని ఊడదీసి చేతపట్టుకున్నప్పుడు ఆవేశం చాలాసేపు అట్లాగే ఉంటుంది. ఆటోస్టార్టరు ఉన్నచోట మరొక చిక్కు. కరెంటు పోయి వెంటనే వస్తే, ఇంకా ఖాళీ కాని కెపాసిటర్ మీదికి సరఫరా తిరగబడి వచ్చి పడుతుంది. పొర మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. మాటిమాటికి కరెంటు పోయివచ్చే పల్లె లైను మీద ఆటోస్టార్టరు, కెపాసిటర్ ఒకే పెట్టెలో ఉండడం ఎంతవరకు క్షేమమో ఆలోచించవలసిన రూపకల్పన సమస్య.

పరిశోధన ఎటు చూస్తోంది

రోధక పదార్థాల మీద ప్రపంచవ్యాప్తంగా విస్తారంగా పరిశోధన జరుగుతున్నది. నానో కణాలు కలిపిన పాలిమర్లు, అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే పొరలు, ఘనపరిమాణానికి ఎంత శక్తి నిల్వ ఉంటుందన్న కొలత, ఇవి ప్రధానాంశాలు. విద్యుత్ వాహనాలు, ఇన్వర్టర్లు కోరేవి ఆ గుణాలే కనుక ఆ దారి తప్పు కాదు. కానీ బోరు దగ్గరి డబ్బాకు తక్కువ చోటులో ఎక్కువ శక్తి అక్కరలేదు. వేడికి, తేమకు, హెచ్చు వోల్టేజీకి ఓర్చుకోవాలి. చెడిపోతే బయటికి కనిపించేట్టు చెడిపోవాలి, తక్కువ ధరకు దొరకాలి. కెపాసిటెన్స్ నిర్ణీత మట్టానికి పడిపోయినప్పుడు రంగు మారే ఒక చిన్న సూచికను రూపొందించడం అధిక ప్రభావాంకం గల పత్రిక దృష్టిలో చిన్న పని కావచ్చు. అంగళ్లు వంటి చోట ఉన్న ఎలక్ట్రికల్ విభాగానికి అంతకంటే సన్నిహితమైన సమస్య మరొకటి ఉండదు. వాడి పారేసిన కెపాసిటర్లను పక్క ఊళ్ళ నుంచి సేకరించి, విప్పి, ఏ కారణంతో ఎంత కోల్పోయాయో నమోదు చేయడానికి ఖరీదైన ప్రయోగశాల అవసరం లేదు.

కుప్పం ప్రాంతంలో చాలాకాలం విద్యుత్ పంపిణీని గ్రామీణ విద్యుత్ సహకార సంఘం నిర్వహించింది. కిమ్మిష్ చెప్పిన సమన్వయానికి సహకార సంఘం సహజమైన వేదిక. అక్కడ కెపాసిటర్లు ఎట్లా నిలిచాయో, మిగతా చిత్తూరు జిల్లాతో పోలిస్తే తేడా ఉన్నదో లేదో పరిశోధించదగిన అంశం. అదే ఊరిలో 1997 నుంచి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మెకానిక్కుల నోటి మాటలను సేకరించి భద్రతా పరిభాషను వారి మాటల నుంచే నిర్మించే పని ఎలక్ట్రికల్ విభాగమూ తెలుగు శాఖా కలిసి చేయవలసినది.

పీసీబీల గురించి ఒక్క మాట. వాటి తయారీని, దిగుమతిని నిషేధించిన భారత ప్రభుత్వపు 2016 ఉత్తర్వు, వాడకానికి 2025 డిసెంబరు 31ని తుది గడువుగా పెట్టింది. గడువు ముగిసింది. పాత నూనె కెపాసిటర్ చివరికి చేరేది పాత ఇనుప సామాను కొట్టుకు. ఇందులో పీసీబీ లేదని తెలిపే మాట కొత్త డబ్బాల మీద ఇంగ్లీషులో ఉంటుంది. ఆ మాట లేని పాత డబ్బాను సుత్తితో పగలగొట్టకూడదని కొట్టువానికి తెలుగులో చెప్పే కాగితం, విద్యుత్ సంస్థ పాత సామాను వేలం వేసే రోజు రసీదుతో పాటే అతని చేతికి అందాలి.