మెదడు కంతికి అయోడిన్ సాక్ష్యము

పుర్రెను తెరువకయే మెదడులోని కంతి ఏ చోట నున్నదో తెలిసికొనుట శస్త్రవైద్యులకు చిరకాలము కష్టముగా నుండెను. 1948లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జార్జి మూర్ ఇందుకొక మార్గము చూపెను. ఫ్లోరెసీన్ అను రంగును సిరలోనికి ఎక్కించినచో అతినీలలోహిత కాంతిలో కంతి పసుపుపచ్చగా మెరయునని అతడు అంతకు ముందే గ్రహించెను. కాని ఆ మెరుపును చూచుటకు పుర్రెను తెరువవలసినదే. అందుచే ఆ రంగు అణువునకు రేడియోధార్మిక అయోడిన్-131ను చేర్చెను. 8 దినముల అర్ధాయువు గల ఈ అయోడిన్ వెడలించు గామా కిరణములు ఎముకను దాటి వచ్చును. తలకు వెలుపల గైగర్ గణకమును పెట్టి వానిని లెక్కింపవచ్చును.

ఉపాయము చక్కనిదే. అయితే అది ఇచ్చిన సాక్ష్యమేమి? థైరాయిడ్ గ్రంథి తన హార్మోను తయారీకై అయోడిన్‌ను గ్రహించును. కంతియు అట్లే అయోడిన్‌ను కోరునని విద్యార్థులు తలచుట సహజము. అది పొరపాటు. ఇచ్చట అయోడిన్ కేవలము గుర్తు. ఆరోగ్యవంతమైన మెదడులో రక్తనాళముల గోడలు ఇట్టి అణువులను బయటికి పోనీయవు. అనేక కంతులలో ఈ అడ్డు చెడిపోవుటచే రంగు కారి అక్కడ నిలుచును.

ఇట్టి పొరపాటు క్రొత్తది కాదు. 1885లో పాల్ ఎర్లిక్ జంతువుల రక్తములోనికి రంగు లెక్కింపగా ఇతర అవయవములకు అంటెను, మెదడునకు అంటలేదు. ఆ రంగులను పట్టుకొను స్వభావము మెదడునకు లేదని ఆయన భావించెను. 1913లో గోల్డ్‌మన్ ట్రిపాన్ నీలిని మెదడు చుట్టునుండు ద్రవములోనికే ఎక్కింపగా మెదడు నీలివర్ణమాయెను. కారణము మెదడు స్వభావము కాదు, రక్తమునుండి దారి మూసియుండుటయే.

ఈ భేదము మాటల పట్టింపు కాదు. రోగి ప్రాణమునకు సంబంధించినది. అడ్డు చెడకుండ నెమ్మదిగా పెరుగు కంతి గణకమునకు చిక్కకపోవచ్చును. చీముగడ్డయు, రక్తప్రసారము ఆగి దెబ్బతిన్న భాగమును కంతివలె తోచవచ్చును. నెత్తిచర్మములోని రక్తమునుండియు కిరణములు వచ్చును గనుక, లోతున నున్న చిన్న కంతి లెక్క వానిలో కలిసిపోవును.

1971లో లండనులో రోగికి తొలి సి.టి. స్కాన్ జరిగిన పిదప గణకపు పద్ధతి క్రమముగా వెనుకబడెను. అయోడిన్ మాత్రము నిలిచెను. పరమాణు సంఖ్య 53 గల ఈ మూలకము ఎక్స్ కిరణములను బాగుగా పీల్చుకొనును. అందువలన రేడియోధార్మికత లేని అయోడిన్ సమ్మేళనములను నేటికిని ఆ పరీక్షలలో వాడుచున్నారు. మెదడు కణజాలములో అవి నిలుచునది కూడ అడ్డు చెడిన చోటనే.

కాబట్టి ఉపాధ్యాయులు ఈ పరిశోధనను బోధించునపుడు, కంతి కనబడెనని చెప్పుటతో ఆపరాదు. అదే గుర్తు మరి ఏ కారణములచే కనబడవచ్చునో, కంతి యుండియు ఏల కనబడకపోవచ్చునో విద్యార్థులచేతనే ఆలోచింపజేయవలెను.