మూడు వందలమంది యోగ్యులా? గిద్యోను విజయ వృత్తాంతముపై ఒక పునఃపరిశీలన

న్యాయాధిపతులు గ్రంథము 7వ అధ్యాయము మన సంఘాలలో తరచుగా ప్రసంగించబడే భాగాలలో ఒకటి. దేవుడు 32,000 మందిలో నుండి 300 మందిని ఏర్పరచుకొన్న ఈ వృత్తాంతమును యువజన కూటములలోను, ఉజ్జీవ సభలలోను, సేవకుల సదస్సులలోను మనము విన్నాము, బోధించాము. ఆ బోధ సాధారణంగా ఒకే మార్గములో సాగుతుంది. చేతితో నీళ్లు తీసుకొని గతికినవారు శత్రువును కనిపెడుతూ మెలకువగా ఉన్నారు. మోకాళ్లూనినవారు దాహములో పడి యుద్ధమును మరచారు. అందుచేత దేవుడు మెలకువగలవారిని ఎన్నుకొన్నాడు. మనము కూడా అట్టి యోధులమై ఉండాలి. మేము కూడా చాలా సంవత్సరాలు ఇదే బోధించాము. ఈ వ్యాఖ్యానము వాక్యభాగమునకు న్యాయము చేస్తున్నదా అన్నదే ఈ వ్యాసములోని ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు పుస్తకాల నుండి రాలేదు. ఒక యువజన కూటములో ఈ భాగము మీదనే ప్రసంగించి దిగిన తరువాత ఒక యువకుడు దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, భయపడేవాళ్లను దేవుడు ఇంటికి పంపించేశాడని చెప్పారు కదండీ. నాకు ప్రతిదానికీ భయమే. మరి నేను దేవునికి పనికిరానా?" అని అడిగాడు. ఆ దినమున మేము అతని తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి పంపివేశాము. జవాబు మాత్రము ఇవ్వలేదు. ఇవ్వలేకపోవుటకు కారణము మా ప్రసంగములోనే ఉన్నదని తరువాత గ్రహించాము.

1. సంఖ్యను తగ్గించుటకు కారణము

సైన్యమును ఎందుకు తగ్గించాలో దేవుడే ముందుగా చెప్పాడు. జనము ఎక్కువగా ఉంటే, తమ బాహుబలమే తమను రక్షించిందని ఇశ్రాయేలీయులు అతిశయపడతారు (7:2). కాబట్టి ఇక్కడ సమస్య సైనికుల నాణ్యత కాదు, విజయము తరువాత పలకబోయే మాట. దేవునికి ఎప్పుడూ చిన్న సంఖ్యే ఇష్టమని కూడా దీనినుండి సూత్రము చేయలేము. ఇదే గ్రంథములో బారాకు 10,000 మందిని తీసుకొని వెళ్లాలన్నది దేవుని ఆజ్ఞయే (4:6). చిన్న సంఘము అయినంత మాత్రాన అది ఆత్మీయమైనది కాదు, పెద్ద సంఘము అయినంత మాత్రాన అది శరీర సంబంధమైనది కాదు. ఘనత ఎవరికి చెందుతుందన్నదే ప్రశ్న.

2. నీళ్లయొద్ద జరిగిన పరీక్ష

మెలకువ అను వ్యాఖ్యానమును సమర్థించేవారికి బలమైన ఆధారము ఒకటి ఉన్నది. 7:4లో "శోధించుట" అని అనువదించబడిన హెబ్రీ క్రియ లోహమును పుటము వేయుటకు కూడా వాడబడుతుంది. పుటము వేస్తే మేలిమి మిగలాలి కదా అన్నది వారి వాదన. దానిని తేలికగా తీసివేయలేము. అయితే ఆ మేలిమి ఏ గుణమో వాక్యము ఎక్కడా చెప్పలేదు. మెలకువ అను మాట లేదు, శత్రువువైపు చూచారన్న మాట లేదు. ఉన్న పోలిక కుక్కను గూర్చినది (7:5); బైబిలులో అది సాధారణంగా గౌరవసూచకమైన పోలిక కాదు. పైగా 5వ వచనములో నాలుకతో గతుకుటను గూర్చి, 6వ వచనములో చేతిని నోటికందించుకొనుటను గూర్చి ఉన్నందున, ఈ రెండు వచనాలను సమన్వయపరచుట పండితులకు సైతము కష్టమైనది. ఇంత సందిగ్ధమైన వివరము మీద ఒక పూర్తి గుణశీల సిద్ధాంతమును కట్టుట క్షేమము కాదు.

మొదటి శతాబ్దపు యూదా చరిత్రకారుడైన జోసీఫస్ తన 'యూదుల పురాతన చరిత్ర' ఐదవ గ్రంథములో ఈ భాగమును సరిగా తలక్రిందులుగా వివరించాడు. అతని ప్రకారము మోకాళ్లూని త్రాగినవారే ధైర్యవంతులు; తొందరపాటుతో త్రాగినవారు భయపడినవారు, దేవుడు ఏర్పరచుకొన్నది వారినే. జోసీఫస్ అభిప్రాయమే సరియైనదని మేము అనుట లేదు, అది కూడా వాక్యములో లేనిదే. అయితే ఒకే వివరము నుండి ఒకరు శూరులను, మరొకరు పిరికివారిని చూడగలిగారంటే, ఆ వివరము మనకు గుణమును బోధించుటకు వ్రాయబడలేదని స్పష్టమవుతున్నది. అది సంఖ్యను తగ్గించిన సాధనము. దేవుడు బయటకు పంపిన మానవ యోగ్యతను మనము ప్రసంగవేదిక మీదనుండి మరల లోపలికి పిలుస్తున్నాము.

3. భయపడేవారిలో నాయకుడు

భయపడేవారు తిరిగి వెళ్లాలన్న ఆజ్ఞ క్రొత్తది కాదు, ధర్మశాస్త్రములో అది ముందే ఉన్నది (ద్వితీ. 20:8). ఆ మాటకు 22,000 మంది వెళ్లిపోయారు. ఇశ్రాయేలీయులు దిగిన స్థలము పేరు హరోదు. హెబ్రీలో ఆ పేరుకు, 7:3లో వణకువానిని సూచించే 'హారేద్' అను పదమునకు ఒకే ధ్వని, ఒకే అర్థచ్ఛాయ ఉన్నవి. వణకు బావియొద్ద వణకువారిని పంపివేశారన్నమాట.

అయితే పంపివేయబడనివాడు ఒకడున్నాడు. మిద్యానీయులకు తెలియకుండునట్లు గానుగ చాటున గోధుమలు దుళ్లగొట్టినవాడు, బయలు బలిపీఠమును పగలు కూల్చుటకు భయపడి రాత్రి కూల్చినవాడు (6:27) గిద్యోనే. సైన్యము 300కు తగ్గిన తరువాత కూడా, నీకు భయమైతే నీ పనివాడైన పూరాతో దండులోనికి దిగుమని దేవుడు చెప్పాడు (7:10). గిద్యోను దిగాడు! తనకు భయము లేదని అతడు అనలేదు. దేవుడు అతనిని గద్దించలేదు. శత్రువు నోటనే ఒక కలను, దాని భావమును వినిపించి బలపరచాడు. ఆ యువకునికి మేము ఇవ్వవలసిన జవాబు ఇదే. భయపడినవారి పక్షమున వణకుతూనే నిలిచినవాడు ఆ దండుకు నాయకుడు. విశ్వాసము భయము లేకపోవుట కాదు, భయముతోనే దేవుని మాట చొప్పున దిగుట.

4. ఖడ్గము పట్టుటకు చెయ్యి ఖాళీ లేదు

7:20ని నిదానముగా చదివితే ఒక సంగతి కనబడుతుంది. ఎడమ చేత దివిటీ, కుడి చేత బూర. ఖడ్గమును గూర్చి కేక వేసినవారికి ఖడ్గము పట్టుటకు చెయ్యి ఖాళీగా లేదు. దండులో ఖడ్గము ఆడినది శత్రువు చేతిలోనే. యెహోవా వారి ఖడ్గములను వారిమీదికే త్రిప్పాడు (7:22).

అయినను వారు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. మూడు గుంపులుగా విభజించుట, నడిజాము మొదట కావలివారు మారిన సమయమును ఎంచుకొనుట, కుండలలో దివిటీలను దాచుట, వీటన్నిటిలో ఆలోచన ఉన్నది. దేవుని నమ్ముకొనుట అనగా వైద్యమును, చదువును, ప్రణాళికను మానుకొనుట అని బోధించేవారు ఈ వచనాలను దాటి వెళ్లకూడదు. పని మనది, ఫలితము ఆయనది.

5. విజయము తరువాత

మన ప్రసంగాలు తరచుగా 7వ అధ్యాయముతో ఆగిపోతాయి. గ్రంథకర్త ఆగలేదు. 8వ అధ్యాయములో దేవుడు ఒక్కమారైనను మాటలాడినట్లు వ్రాయబడలేదు. గిద్యోను సుక్కోతు పెద్దలను ముండ్లతో శిక్షించాడు, పెనూయేలు గోపురమును పడగొట్టి ఆ ఊరివారిని చంపాడు. జెబహు, సల్మున్నాలను తరిమిన వెనుక తన సహోదరుల మరణమునకు పగ కూడా ఉన్నదని 8:18-19లో బయటపడుతుంది. రాజరికము వద్దన్నాడు గాని 1,700 తులముల బంగారముతో ఏఫోదు చేయించాడు. అది అతనికిని అతని యింటివారికిని ఉరి అయినది. కుమారునికి పెట్టిన పేరు అబీమెలెకు, అనగా 'నా తండ్రి రాజు'. ఆ కుమారుడే తరువాత తన సహోదరులను ఒకే రాతిమీద చంపించాడు.

7:2లో దేవుడు హెచ్చరించిన అతిశయము యుద్ధములో ఓడిపోలేదు. అది ఇంటికి తిరిగి వచ్చింది. మానవ బలమును ఆశ్రయించే శోధన యుద్ధమునకు ముందు కంటె జయము పొందిన మరునాడే ఎక్కువగా ఉంటుందని ఈ రెండు అధ్యాయాలు కలిసి బోధిస్తున్నవి.

ముగింపు

హెబ్రీ పత్రిక గిద్యోనును విశ్వాసవీరుల వరుసలోనే ఉంచింది. వారు బలహీనతలో బలపరచబడినవారని సాక్ష్యమిచ్చింది (11:32-34). ఆ బలహీనతను తీసివేసి మనము యోగ్యతను పెట్టకూడదు. ఈ భాగమును ప్రసంగించబోయే సేవకులకు, విద్యార్థులకు మా మనవి రెండు మాటలే: ఎన్నిక చేయబడిన 300 మందిని మెచ్చుకొని సభను ముగించవద్దు, 8వ అధ్యాయము చదవకుండా వేదిక దిగవద్దు. కూర్చున్నవారిలో వణకుచున్నవాడు ఒకడైనా ఉంటాడు. గిద్యోను కూడా వణికాడని అతడు మన నోట విని ఇంటికి వెళ్లాలి.