ఎదుటి పాత్రకు చోటిచ్చే ఆట

తెర మీద బొమ్మ ఉండదు, సంగీతం ఉండదు. నాలుగు వాక్యాల్లో ఒక గది వర్ణన, దాని కింద ఆ గదిలో ఉన్న పాత్రల పేర్లు, అడుగున మనం టైపు చేసే గీత. అంతే. మడ్ అని పిలిచే ఈ అక్షరాల ఆట ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి దాన్ని రాయడం మొదలుపెడితే, 1980లో రిచర్డ్ బార్టిల్ అందుకుని పూర్తి చేశారు. ఎవరి టెర్మినల్ ముందు వాళ్లు కూర్చుని ఒకే ఊహాలోకంలో తిరిగేవారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ లాంటి భారీ ఆటలు కూడా ఈ వంశంలోవే.

ఆ తొలి ఆటలో నిధులు వెతికి పాయింట్లు కూడబెట్టడమే పని. 1989లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఆస్ప్‌నెస్ టైనీమడ్ రాసినప్పుడు పోటీ వెనక్కి తగ్గింది. ఆటగాళ్లే గదులు కట్టుకోవచ్చు, వాటిలో కూర్చుని కబుర్లాడుకోవచ్చు. దాన్నుంచి వచ్చిన మష్ అనే ఆటల్లో పాత్ర పోషణే ఆటయింది. టోల్కీన్ సృష్టించిన లోకంలో ఎలెండర్, ఆన్ మెకాఫ్రీ డ్రాగన్ల లోకంలో పెర్న్‌మష్ ఏళ్ల తరబడి నడిచాయి. గెలుపోటముల లెక్క లేని అలాంటి చోట మంచి ఆటగాడని ఎవరిని అనాలి? నన్నడిగితే, తన తర్వాత రాయబోయే మనిషి చేతికి ఏదో ఒకటి అందించి ఆగగలిగినవాణ్ణి.

ఇక్కడ ఒక్కో వంతును పోజ్ అంటారు. కోలన్ కొట్టి ‘తలుపు తోస్తాడు’ అని రాస్తే, మన పాత్ర పేరు దానంతటదే ముందు చేరి, గదిలో ఉన్న అందరి తెరల మీదా పడుతుంది. ప్రథమ పురుషలో, వర్తమానంలో రాయడం ఆనవాయితీ. రేవు పక్కనున్న సత్రంలో కెల్ అనే కావలివాడు ఒక వర్తకుణ్ణి నిలదీయాలనుకోండి. కొత్తగా చేరినవాళ్లు తరచు ఇలా రాస్తారు: “ఈ వర్తకుడు దొంగ అని కెల్‌కు మొదటి నుంచీ అనుమానమే. లోపలికి దూసుకొచ్చి అతని గొంతు పట్టుకుంటాడు. వర్తకుడు గజగజ వణికిపోతాడు.”

వాక్యాలు బాగానే ఉన్నాయి. కానీ కెల్ మనసులోని అనుమానం గదిలో ఎవరికీ కనబడదు, దానికి ఎవరూ బదులివ్వలేరు. గొంతు చేతికి చిక్కిందో లేదో తేల్చాల్సింది ఎదుటివాళ్లు. ఇక ఆ వణుకు కెల్‌ను ఆడేవాళ్లు రాయాల్సింది కానే కాదు, ఆ పాత్ర ఇంకొకరిది. ఇలా ఎదుటి పాత్రను కూడా మనమే ఆడించేయడాన్ని పవర్ పోజింగ్ అంటారు.

అదే సన్నివేశాన్ని చెయ్యి తిరిగినవాళ్లు ఇలా రాస్తారు: “కెల్ తడిసిన బూట్లతో లోపలికొచ్చి వర్తకుడి బల్ల దగ్గర ఆగుతాడు. విరిగిన తాళం ఒకటి బల్ల మీద పెడతాడు. చెయ్యి మాత్రం దాని మీంచి తియ్యడు. ‘మీ గోదాము వెనకాల దొరికింది’ అంటాడు.” ఇప్పుడు వర్తకుడిగా ఆడేవాళ్లకు బోలెడు దారులు. తాళం తనది కాదనవచ్చు, నౌకరు మీదకు తోయవచ్చు, కెల్ చెయ్యి తీయకపోవడం చూసి లంచం ఎంతని అడగవచ్చు. పక్క బల్ల దగ్గర కూర్చున్న మూడో మనిషికి కూడా తొంగిచూడడానికి ఒక తాళం దొరికింది. రాసింది నాలుగు వాక్యాలే, కానీ గదిలో అందరికీ పని పడింది.

బుర్రకథలో వంతల్ని గుర్తు చేసుకోండి. కథకుడు ఆపిన చోటే హాస్యగాడి ప్రశ్న పడుతుంది, రెండో వంత వ్యాఖ్యానం పడుతుంది. కథకుడు ఎక్కడా ఆపకుండా చెప్పుకుపోతే వాళ్లు ‘తందాన తాన’కే మిగులుతారు. పేజీలకు పేజీలు పోజులు రాసేవాళ్లతో ఆడేటప్పుడు వచ్చే ఇబ్బంది ఇదే. ఎదుటివాళ్లు రాసే నిడివి చూసుకుని మనమూ రాయాలి, వంతు తప్పకూడదు.

ఎదుటి పాత్ర మీద చెయ్యి వేయకూడదన్న నియమం ఉత్త మర్యాద కాదు. 1990లో జిరాక్స్ వారి పరిశోధన కేంద్రం పార్క్‌లో పావెల్ కర్టిస్ మొదలుపెట్టిన లాంబ్డామూ అనే అక్షరాల లోకంలో, ఒకడు ప్రోగ్రాం సాయంతో ఇతరుల పాత్రల మీద లైంగిక హింస జరిగినట్టు వాక్యాలు సృష్టించి గది నిండా చూపించాడు. ఆ పాత్రల వెనక ఉన్న మనుషులకు తగిలిన దెబ్బ నిజమైనది. జూలియన్ డిబెల్ 1993లో విలేజ్ వాయిస్ పత్రికలో దాని గురించి రాశాక ప్రపంచమంతా చర్చ జరిగింది. ఆ ఘటన తర్వాత కర్టిస్ లాంబ్డామూలో అర్జీలు, ఓటింగు ప్రవేశపెట్టారు. హింస, శృంగారం, పాత్ర చావు లాంటి సన్నివేశాల ముందు ఆట బయట మనుషులుగా మాట్లాడుకుని ఒప్పుకోవాలన్నది నా దృష్టిలో రాజీ లేని నియమం.

ఆటగాడికి తెలిసింది పాత్రకు తెలిసినట్టు నడపడం మరో దోషం, దీన్ని మెటాగేమింగ్ అంటారు. పక్క గదిలో పన్నిన కుట్ర మీరు తెర మీద చదివి ఉండవచ్చు, మీ కావలివాడు మాత్రం వినలేదు. తెలిసి తెలిసి వాణ్ణి ఆ వలలోకి నడిపించడానికి గుండె కావాలి. నాకు ఎక్కువ గౌరవం అలా ఓడిపోవడానికి సిద్ధపడేవాళ్ల మీదే.

మీ పాత్రను వర్ణించేటప్పుడూ ఎదుటివాళ్లకు చోటివ్వాలి. ‘ఇతన్ని చూస్తే మీకు భయం వేస్తుంది’ అని రాయకండి. కనుబొమ్మ మీది గాటు రాయండి, భయపడాలో లేదో చూసేవాళ్లు తేల్చుకుంటారు. నేర్చుకోవడానికి దగ్గరి దారి పాత సన్నివేశాల లాగ్‌లు చదవడం. ఎవరు ఏ వాక్యాన్ని అందుకుని కథను తిప్పారో వాటిలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

అంతా అక్షరాలే కాబట్టి స్క్రీన్ రీడర్ ఆటనంతా చదివి వినిపించగలదు. చూపు లేనివాళ్లు ఎందరో మడ్‌లలో మిగతావాళ్లతో సమానంగా ఆడుతున్నారు. బొమ్మల మీద నడిచే ఆన్‌లైన్ ఆటలకు ఇంత తేలిగ్గా దక్కే గుణం కాదిది.

పాత సర్వర్లు ఇంగ్లీషు అక్షరాల కోసం కట్టినవి. యూనికోడ్ వచ్చాక ఆ అడ్డు లేదు. పైథాన్‌లో రాసిన ఎవెన్యా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగులోనే గదులు కట్టవచ్చు. అంత పని వద్దనుకుంటే ఒక టెలిగ్రామ్ గ్రూపు చాలు. ఒకరు గుంటూరులో, ఒకరు డాలస్‌లో ఉన్నా వంతులకు ఇబ్బంది లేదు. రంగస్థలానికి కాకతీయుల నాటి మోటుపల్లి రేవును తీసుకోండి. గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయమిస్తూ, సుంకాలు నిర్ణయిస్తూ 1244 ప్రాంతంలో అక్కడ వేయించిన శాసనం ఉంది. సుంకం వసూలు చేసేవాడు ఒకరు, తుపానుకు సరుకు పోగొట్టుకుని ఒడ్డు చేరిన వర్తకుడు ఒకరు, ఇద్దరి మధ్యా దుబాసీ ఒకరు. ముగ్గురు దొరికితే ఈ ఆదివారమే మొదలుపెట్టండి.