వద్దు: రెండక్షరాల పాఠం

నాదర్‌గుల్ అనగానే పాతవాళ్ళకు గుర్తొచ్చేది విమానాలు దిగే మైదానం. విమానం నడపడం నేర్చుకునే కుర్రవాళ్ళు చిన్న విమానాల్లో అక్కడ చక్కర్లు కొడుతుండేవారు. ఇప్పుడు ఆ చుట్టుపట్లంతా ఇళ్ళు, బళ్ళు, పొద్దున లేస్తే పసుపుపచ్చ బడి బస్సులు.

మొన్న ఆ ఊళ్ళో బంధువుల ఇంటికి వెళ్ళాను. ఒకటో తరగతి చదివే పాప బళ్ళో ఇచ్చిన బొమ్మ కాగితం తెచ్చి చూపించింది. పిల్ల బొమ్మకు కొన్నిచోట్ల పచ్చరంగు, కొన్నిచోట్ల ఎరుపు. “పచ్చ గుడ్ టచ్, ఎర్ర బ్యాడ్ టచ్. బ్యాడ్ అయితే గట్టిగ వద్దనాలె, ఉరకాలె, అమ్మకు చెప్పాలె” అని గడగడా అప్పజెప్పింది. అంతలో వచ్చిన పెద్దమనిషొకాయన “ఏదీ, ఒక ముద్దియ్యి” అని చెయ్యి పట్టి లాగాడు. పాప “వద్దు” అంది. నాయనమ్మ గుడ్లురిమి, “పెద్దోళ్ళ మాట కాదంటవా? ఇయ్యి!” అంది. పాప ఇచ్చింది. కాగితం మడిచి సంచీలో పెట్టేసుకుంది.

ఆయన మనసులో ఏ పాపమూ లేదు. ఆ నాయనమ్మా పిల్లను ప్రాణంగా చూసుకునేదే. కాని బళ్ళో నేర్చిన పాఠం మాత్రం అక్కడే చచ్చిపోయింది.

ఆ పాఠం బళ్ళోకి రావడం మంచిదే. అయితే దానిలోనూ లోపాలున్నాయి. మొదటిది మాట. ‘మంచి, చెడ్డ’ అనే మాటలు మన ఇళ్ళలో పిల్లలమీద పడే ముద్రలు. ‘చెడ్డపిల్ల’ అంటే ఏడుపొచ్చే వయసులో, తనకు జరిగింది ‘చెడ్డది’ అంటే తానే చెడ్డదాన్నయ్యాననుకోదూ? పైగా దురుద్దేశంతో వేసిన చెయ్యి మొదట ముద్దుగానే, చాక్లెట్టుతోనే రావచ్చు. అందుకే ‘క్షేమమైనది, క్షేమం కానిది’ అని చెప్పడం మేలని ఈ పని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఇక ఒంటి భాగాల పేర్ల సంగతి. మోకాలికి, మోచేతికి పేరు చెప్పే తల్లి, కొన్నిచోట్లకు రాగానే ‘సిగ్గు సిగ్గు’ అంటుంది. పేరే సిగ్గయినదాన్ని గురించి ఫిర్యాదు ఎలా చెయ్యడం?

రెండోది, భయం ఎవరివైపు చూపిస్తున్నామన్నది. ‘కొత్తవాళ్ళతో మాట్లాడకు’ అంటాం. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి శాఖ వెలువరించిన అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపుకు గురయ్యామన్నవాళ్ళు సగానికి మించారు. మగపిల్లలు ఆడపిల్లలకు తీసిపోలేదు. వేధించినవాళ్ళలో సగంమంది పిల్లలు ఎరిగినవాళ్ళు, నమ్మినవాళ్ళు. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పుకోనేలేదు.

చట్టం లేకపోలేదు. పోక్సో చట్టం 2012 నవంబరు 14న, సరిగ్గా బాలల దినోత్సవంనాడు అమల్లోకి వచ్చింది. సంగతి తెలిసీ దాచిపెట్టడం దాని ప్రకారం నేరం. బిడ్డ పేరు బయటపెట్టడమూ నేరమే. కనుక పరువు పేరిట నోరు మూసుకోవలసిన పని లేదు. 1098కి ఫోను చెయ్యొచ్చు. కాని చట్టం గడప దాకా రావాలంటే ముందు బిడ్డ నోరు విప్పాలి గదా!

ఇక్కడే చలం గుర్తొస్తాడు. బళ్ళ ఇన్‌స్పెక్టరుగా తిరిగిన మనిషి. ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. బిడ్డలు పెద్దల సొత్తు కాదని, భయపెట్టి లొంగదీయడం శిక్షణ కాదని వాదించాడు. అందరికీ మింగుడుపడే రచయిత కాడాయన. స్వేచ్ఛ విషయంలో ఆయనతో చివరిదాకా నడవలేనివాళ్ళు కూడా ఈ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించాలి: చెప్పినట్టల్లా వినడమే బుద్ధి అని నేర్పిన పిల్ల, వినకూడని రోజున ఎలా ఎదురు తిరుగుతుంది? ఏడాదికి ఒక్కపూట బడి ఇచ్చిన ‘వద్దు’ను తక్కిన రోజులన్నీ ఇల్లు లాక్కుంటుంటే, తప్పు పాఠానిదా, మనదా?

విమానం నడపడం ఎవరికీ బొమ్మ కాగితం చూపించి నేర్పరు. పక్కన గురువు కూర్చుంటాడు. ఆపద వస్తే ఏం చెయ్యాలో మళ్ళీమళ్ళీ చేయిస్తాడు. చెయ్యి తిరిగిందని నమ్మకం కుదిరాకే ఒంటరిగా పంపుతాడు. పిల్లలకు ఆ పక్క సీట్లో కూర్చోవలసింది మనమే. అన్నం ఇక వద్దంటే సరేననడం, చక్కిలిగింతలు చాలంటే ఆపడం, ‘ఫలానాయన నాకు నచ్చలేదు’ అంటే కోప్పడకుండా ‘ఎందుకమ్మా?’ అనడం, ఇవే ఆ సాధన.

వచ్చేటప్పుడు పాపను అడిగాను: “చెయ్యి కలుపుదామా, నమస్కారం పెట్టుకుందామా?”

కాస్త ఆలోచించి, నాయనమ్మ మొహం చూసి, “నమస్తే” అంది.

ఈసారి నాయనమ్మ ఏమీ అనలేదు.