అర కిలోబైట్ పనితనం

నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు తిరుపతి, చిత్తూరు ప్రాంతపు బడుల్లోనూ ఉన్నాయి. అలాంటి ల్యాబుల్లో పోటీకి తయారయ్యే తొలి రోబో తరచూ లైన్ ఫాలోవరే: రెండు గేర్ మోటార్లు, కింద రెండు ఐఆర్ సెన్సర్లు, ఒక మోటార్ డ్రైవర్, పైన ఆర్డుయినో ఊనో బోర్డు. తెల్ల ఫ్లెక్సీ మీద అతికించిన నల్ల టేపు వెంబడి అది పరిగెత్తాలి. అందరూ చక్రాలనే చూస్తారు. నాకు మాత్రం అంతకు ముందు, పిల్లలు ‘అప్‌లోడ్’ నొక్కాక కోడ్ బోర్డులోకి దిగే ఆ కొన్ని క్షణాలంటే మక్కువ.

ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో, ఎలక్ట్రానిక్స్ చదవని డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. తొలి బోర్డుల్లో అప్‌లోడ్‌తో పాటు రీసెట్ బటన్ కూడా చేత్తో నొక్కాల్సి వచ్చేది. అదను తప్పితే మళ్లీ మొదటికే. 2007 నాటి డియెచిమిలా బోర్డుతో ఆ బెడద తీరింది. యూఎస్‌బీ వైపునుంచి రీసెట్ పిన్‌కు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి కలిపారు, అంతే! కంప్యూటర్ పోర్టు తెరవగానే ఆ పిన్ వోల్టేజి ఒక్క క్షణం కిందికి పడి చిప్ రీసెట్ అవుతుంది. అప్పుడు చిప్‌లోనే ఉండే బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం మేలుకుంటుంది. ఊనోలో అది సుమారు ఒక సెకను కొత్త కోడ్ కోసం చూస్తుంది. వస్తే మెమరీలో రాస్తుంది, రాకుంటే పాతదాన్నే నడుపుతుంది. ఈ పనంతా 512 బైట్లలో ఇమిడిపోయింది. ఈ పేరాను కంప్యూటర్లో దాచడానికే అంతకు రెట్టింపు చోటు చాలదు.

32 కిలోబైట్ల మెమరీలో చిట్టచివర ఉండే ఆ ముక్కకు తాళం కూడా వేసి ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్ల ఎంత తప్పుడు కోడ్ ఎక్కించినా అది చెరిగిపోదు. నేర్చుకునేవాళ్ల మీద ఇంత గౌరవమున్న డిజైన్లు అరుదు.

చిక్కులు లేవని కాదు. చౌక బోర్డుల్లో యూఎస్‌బీ కోసం ఎక్కువగా ఉండేది సీహెచ్340 చిప్. దాని డ్రైవర్ లేని కంప్యూటర్లో పోర్టే కనబడదు. 0, 1 పిన్లకు బ్లూటూత్ మాడ్యూల్ తగిలించి ఉంటే అప్‌లోడ్ ఆగిపోతుంది, ఎందుకంటే యూఎస్‌బీ మాట్లాడేదీ ఆ పిన్లమీదుగానే. ఆ తీగలు పీకి, అప్‌లోడ్ చేసి, మళ్లీ పెట్టాలి.

కోడ్ ఎక్కాక రోబో మలుపులో గీత తప్పిందంటే నేను మొదట వెతికేది కోడ్‌ను కాసేపు ఆపి ఉంచే ‘డిలే’ ఆదేశాన్నే. సెకనుకు 30 సెంటీమీటర్లు పోయే బండికి అర సెకను ఆపే ‘డిలే(500)’ పెడితే 15 సెంటీమీటర్లు గుడ్డిగా వెళ్లినట్టే. ఆ వరుస తీసేస్తే, కోడ్‌లో పదేపదే నడిచే ‘లూప్’ సెకనుకు వేలసార్లు సెన్సర్లను చూస్తుంది. తీసేసి మళ్లీ అప్‌లోడ్ నొక్కడమే, బండి కొన్ని సెకన్లలో మళ్లీ టేపు మీద ఉంటుంది.