మేస్త్రి ముందు ఆగని బండి

వేరే పని మీద ఈ వారం విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. ఆ పని పక్కన పెట్టి ఒక షెడ్డు ముందు చాలాసేపు నిలబడిపోయాను. అక్కడ ఒక పాత లారీ ఉంది. దారిలో ఉన్నట్టుండి ఇంజన్ ఆగిపోతోందట. కాసేపు ఉండి తిప్పితే మళ్లీ మామూలుగా నడుస్తోందట. మేస్త్రి బానెట్ ఎత్తలేదు, పానా ముట్టుకోలేదు. డ్రైవరుకు టీ చెప్పి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“టక్కున ఆగుతోందా, జర్కులు కొట్టి ఆగుతోందా?”

“ఆగేముందు పొగ వస్తోందా? ఏ రంగు?”

“ఆగాక చేతిపంపు కొడితేనే స్టార్టవుతోందా, ఊరికే వదిలేసినా అవుతోందా?”

నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. “మార్చేద్దాం సార్” అనే మాట మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. మిక్సీ గురించి రాసినా, కుట్టుమిషన్ గురించి రాసినా చివరికి అక్కడికే వచ్చాను. రోగం ఏమిటో తేలకుండా సామాను మార్చడం పనితనం కాదు. బండి యజమాని డబ్బుతో ఆడే జూదం అది. విప్పేముందు అడిగే మనిషి కనిపిస్తే నేను అక్కడ ఆగకుండా ఎలా ఉంటాను?

ఆ ప్రశ్నలు ఊసుపోక అడిగినవి కావు. పాతకాలపు డీజిల్ ఇంజన్ ఒకసారి స్టార్టయ్యాక దానికి కరెంటుతో పని లేదు. బ్యాటరీ తీసేసినా నడుస్తుంది. దానికి కావలసినవి మూడే: గాలి, డీజిల్, కంప్రెషన్. కంప్రెషన్ ఇవాళ పోయి రేపు తిరిగొచ్చేది కాదు. రింగులు, లైనర్లు నెమ్మదిగా అరుగుతాయి, అరిగినవి అలాగే ఉంటాయి. కాబట్టి వచ్చి పోయే రోగమైతే అనుమానం గాలి మీదో డీజిల్ మీదో పెట్టాలి. నల్లపొగ కక్కి ఆగితే గాలి చాలడం లేదని. పొగ లేకుండా, బలం తగ్గుతూ తగ్గుతూ ఆగిపోతే డీజిల్ అందడం లేదని. టక్కున, తాళం తీసినట్టు ఆగితే ఇంజన్ ఆపే స్టాప్ కేబుల్, దాని లివర్ చూడాలి. చేతిపంపు కొట్టి ఎయిర్ తీస్తే తప్ప కదలకపోతే లైనులోకి గాలి దూరినట్టు. ఊరికే వదిలేసినా కోలుకుంటే ట్యాంకులో చెత్త ఏదో పైపు మూతికి అడ్డం పడి, ఆగాక మళ్లీ కిందికి జారిపోతోందేమో. ఒక్క రెంచీ తిప్పకుండానే సగం దారులు మూసుకుపోతాయి.

గాలి దూరే చోటు కళ్లకు దొరకదు. అందులోనే ఉంది చిక్కంతా. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు దాటాక లైనులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి, అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి కారుతుంది, గుడ్డి దీపం వెలుగులోనైనా తడి తెలుస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్నది లాక్కునే వైపు. అక్కడ రాగి వాచరు చచ్చుపడినా, రబ్బరు పైపు పగిలినా, నడుస్తున్నంతసేపు డీజిల్ బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. పైన అంతా పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే తెలిసిన మేస్త్రి అక్కడ కొంతదూరం ట్రాన్స్‌పరెంట్ పైపు వేసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాడు. ట్యాంకునే తప్పించి, పక్కన క్యానులో డీజిల్ పెట్టి దాని మీద నడిపి చూసేవాళ్లూ ఉన్నారు. క్యాను మీద ఆగని బండి ట్యాంకు మీద ఆగితే, వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోతుంది.

మా మావయ్య లారీ విషయం ఇక్కడ చెప్పి తీరాలి. నా చిన్నప్పటి మాట. తాడేపల్లిగూడెంలో బియ్యం వేసుకుని, అప్పట్లో ఐదో నంబరు హైవే అనే రోడ్డు మీద విశాఖ వైపు వెళ్లేవాడు. రాజమండ్రి దగ్గర ఒక బంకులో ట్యాంకు నిండా డీజిల్ కొట్టించడం అలవాటు. జగ్గంపేట వచ్చేలోపు ఎక్కడో ఒకచోట ఇంజన్ నీరసపడి ఆగేది. దిగి డీజిల్ చూసి, ఎయిర్ తీస్తే స్టార్టయ్యేది. తిరుగుదారిలో మాత్రం ఎప్పుడూ ఆగేది కాదు.

ఆ బంకు డీజిల్లో నీళ్లు కలుస్తున్నాయని మావయ్య తేల్చేశాడు. వేరే బంకుకు మారాడు, అక్కడా అంతే. ఫిల్టర్లు మార్పించాడు. ట్యాంకు దింపి కడిగించాడు. మైకో పంపు విప్పి కాలిబ్రేషన్‌కు పంపాడు. (1951లో పుట్టిన ఆ కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారింది, షెడ్లలో మాత్రం డీజిల్ పంపును ఈనాటికీ మైకో పంపు అనేవాళ్లున్నారు.) బాగుచేసిన ప్రతిసారీ షెడ్డులో ఎంతసేపు నడిపినా ఇంజన్ గడియారంలా ఆడేది. రోడ్డెక్కి ట్యాంకు నింపితే మళ్లీ మొదలు. నాజిళ్లు మార్చాలన్నారు. ఇంజనే బోరుకొచ్చిందని అన్నవాళ్లూ ఉన్నారు. అత్తయ్య గాజులు కుదువకు వెళ్లిన సంవత్సరం అది.

చివరికి ఆటోనగర్‌లోనే ఒక పెద్ద మేస్త్రి మావయ్యను అడగాల్సినవన్నీ అడిగి, క్లీనర్ కుర్రాడి వైపు తిరిగాడు.

“ఏరా అబ్బాయ్, బండి ఆగాక నువ్వేం చేస్తావు? మొదటి నుంచీ చెప్పు.”

“దిగుతానండి. ట్యాంకు మూత విప్పి, కర్ర పెట్టి డీజిల్ చూస్తానండి. తర్వాత ఓనరుగారు ఎయిర్ తీస్తారండి.”

“మూత ఏది?”

అసలు మూత ఎప్పుడో పోయింది. వాన పడకుండా, డీజిల్ తొణకకుండా ఆ కుర్రాడు టైరు ట్యూబు ముక్క మడతలు పెట్టి మూతికి బిగించి కట్టేవాడు. చక్కగా, బొట్టు కారకుండా కట్టేవాడు. విప్పేటప్పుడు “బుస్” మనేదనీ, ట్యూబు లోపలికి గుంటపడి ఉండేదనీ కూడా చెప్పాడు. ఇంతకుముందు ఎందుకు చెప్పలేదురా అంటే, ఎవరూ అడగలేదండీ అన్నాడు.

ట్యాంకు మూతకు గాలి పీల్చుకునే సన్నని దారి ఉంటుంది. వాడిన డీజిల్ జాగాలోకి గాలి రాకపోతే లోపల శూన్యం పెరిగి, ఒక హద్దు దాటాక ఫీడ్ పంపు ఎంత లాగినా డీజిల్ రాదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు పైన మిగిలే గాలి కొద్దిపాటిది, నాలుగైదు లీటర్లు ఖర్చయ్యేసరికే ఆ గాలి పలచబడిపోతుంది. సగం ట్యాంకులో గాలి బోలెడంత ఉంటుంది, అంతే డీజిల్ తగ్గినా తేడా తెలియదు. అందుకే నింపాక ఆగేది, తిరుగుదారిలో ఆగేది కాదు, అడుగున కాస్త డీజిల్‌తో షెడ్డులో నడిపితే అసలు ఆగేదే కాదు. రోగం కుదిర్చింది మావయ్య చేతిపంపూ కాదు, ఎయిర్ తీయడమూ కాదు. డీజిల్ ఉందో లేదో చూద్దామని క్లీనర్ మూత విప్పడంతోనే కుదిరిపోయేది. సందు ఉన్న మూత ఒకటి కొని పెట్టారు. ఆ బండి ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది.

ఈ కథను ఇన్నేళ్లూ మేస్త్రి గొప్పతనానికి నిదర్శనంగా చెప్పుకుంటూ వచ్చాను. యంత్రానికి యంత్రాన్ని తగిలించి రోగం చెప్పే స్కానర్ పద్ధతి మీద నా విముఖత అక్కడి నుంచే మొదలైంది. ఈ వారం ఆ షెడ్డు ముందు జరిగింది చూశాక ఆలోచన ఇంకోవైపు వెళ్లింది. ఎందుకంటే మేస్త్రి అడిగిన మంచి ప్రశ్నలకు డ్రైవరు ఒకే జవాబు చెప్పాడు: “తెలీదండి. నేనెక్కి నాలుగు రోజులే.” ముందున్న డ్రైవరు? మానేశాడు. క్లీనర్? లేడు. ఓనరు? ఫోనులో దొరికాడు, ఆయన ఎప్పుడూ బండెక్కడు. మేస్త్రి మొహంలో ఉత్సాహం తగ్గిపోయింది. ఇంజన్ స్టార్టు చేస్తే చక్కగా నడుస్తోంది. డాక్టరు గుమ్మం తొక్కగానే దిగిపోయే జ్వరానికి ఎంత పేరున్న డాక్టరైనా ఏం మందు రాస్తాడు? ట్రాన్స్‌పరెంట్ పైపు వేసి, ఆగినప్పుడు బుడగలు వస్తాయేమో చూడమని చెప్పి పంపాడు. అంతకన్నా చేయగలిగింది లేదు.

వచ్చి పోయే రోగానికి మేస్త్రి చెవి, అనుభవం రెండో వరసలోవి. ఆ క్షణంలో అక్కడున్న మనిషి మాట మొదటి వరసలోది. ఆ మనిషి ఇప్పుడు బండి మీద నిలవడం లేదు. కిరాయి కిరాయికి డ్రైవరు మారుతున్నాడు, క్లీనర్ లేని లారీలు పెరిగాయి. ఇంకోవైపు, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కంప్యూటర్ లేని కొత్త లారీ అంటూ లేదు. లోపం పట్టుబడిన క్షణంలో ఇంజన్ ఎంత వేగంతో తిరుగుతోంది, ఎంత వేడెక్కింది, ఎంత లోడు మీద ఉంది అన్నది అది రాసి పెట్టుకుంటుంది. డ్రైవరు మారినా ఆ రాత బండితోనే ఉంటుంది, స్కానర్ తగిలిస్తే చదవవచ్చు. ఈ ఒక్క విషయంలో నా మాట స్కానర్‌కే. ట్యూబు ముక్క సంగతి అది చెప్పలేదు, బండికి అమర్చిన సెన్సర్లు చూసినంతే చెప్పగలదు. అయినా “తెలీదండి” కన్నా చాలా మేలు.

పాత లారీకి ఆ సదుపాయం లేదు కాబట్టి ఓనర్లు క్యాబిన్లో ఒక పుస్తకం పెట్టాలి. ఎక్కడ ఆగింది, ట్యాంకు ఎంత నిండి ఉంది, నింపాక ఎంత దూరం వచ్చింది, లోడెంత, పొగ ఏ రంగు, ఎండా వానా. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆగినప్పటి నుంచి మళ్లీ కదిలేదాకా ఎవరెవరు ఏమేం ముట్టుకున్నారో, అనవసరం అనిపించినవి కూడా, జరిగిన వరసలో రాయాలి. రాయలేని డ్రైవరైతే ఫోనులో చెప్పి రికార్డు చేయవచ్చు. డ్రైవరు మారిన రోజు ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితాలతో పాటు ఆ పుస్తకాన్ని కూడా కొత్త మనిషి చేతిలో పెట్టాలి.