పాకం నేర్వడానికి తగిన వయసు

ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు రిటైర్ అవుతున్నారు. ఆ తరువాత సరదాగా వంట నేర్చుకుందామనుకునే వాళ్ల కోసం నగరాల్లో వారాంతపు తరగతులు వెలిశాయి. ఒక్క పూటలో పది రకాలు చూపించి, కొలతల కాగితం చేతిలో పెట్టి పంపేస్తారు. దాన్ని నేర్చుకోవడం అనలేం. నేర్చుకుంటే ఒక్క పిండివంటనే పట్టుకుని, చెయ్యి తిరిగినవాళ్ల పక్కన నెలల తరబడి పొయ్యి దగ్గర నిలబడాలి. ఉద్యోగం, పిల్లల చదువులు నెత్తిమీద ఉన్నప్పుడు ఎవరికీ అంత తీరిక ఉండదు. మన పిండివంటలకు కావలసిందేమో సరిగ్గా ఆ తీరికే.

అరిసెనే తీసుకోండి. నానిన బియ్యాన్ని వడకట్టి పిండి కొట్టాక, ఆ తడి ఆరకముందే పిండి పాకంలో పడాలి. పాకం చుక్కను నీళ్లలో వేస్తే వేళ్ల మధ్య మెత్తని ఉండలా రావాలి. అంతకు ముందే పిండి కలిపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, పాకం ముదిరితే రాయిలా గట్టిపడుతుంది. ఈ రెంటికీ మధ్య దొరికే వ్యవధి చాలా తక్కువ, పైగా బెల్లం మారితే అదీ మారుతుంది. మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ ఎన్నో ఇళ్లకు వంట నేర్పిన గొప్ప పుస్తకం. అంతటి పుస్తకమైనా పాకాన్ని వేలికి తెలియజెప్పలేదు. వేలికి తెలియాలంటే పాడైన పాకాలు చాలానే పారబోయాలి, పక్కన ఉన్నవాళ్లు “ఇదిగో, ఇప్పుడు దించు” అనాలి.

ఇక ఆత్రేయపురం పూతరేకు! ఎప్పుడు పుట్టిందో తలా ఒక కథ చెబుతారు, ఆ కథలు అలా ఉంచుదాం. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ. ఆ గుడ్డను కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తే, కాగితం కన్నా పల్చటి రేకు లేచి వస్తుంది. జావ చిక్కబడితే రేకు మందమవుతుంది, మంట తగ్గితే అంటుకుపోతుంది, చెయ్యి తడబడితే చిరిగిపోతుంది. ఆ ఊరి ఆడవాళ్లు ఆ సెగ ముందు కూర్చుని, చూపు తిప్పకుండా రేకు మీద రేకు తీస్తూనే ఉంటారు. బందరు తొక్కుడు లడ్డుకు చేతులెత్తి దణ్ణం పెడతాను, కానీ చేతి నేర్పు విషయంలో గోదావరి వాళ్లదే పైచేయి అని కృష్ణా జిల్లా వాళ్ల ముందు కూడా అంటాను.

యూట్యూబ్ ఉండగా గురువెందుకంటారు కొందరు. యూట్యూబ్ విలువ తెలియక కాదు. గుంటూరు జిల్లా మస్తానమ్మను లోకానికి చూపించింది అదే. నూరేళ్లు దాటిందని చెప్పే వయసులో, అల్లం పొట్టును గోటితోనే తీస్తూ, పుచ్చకాయలో కోడికూర వండిన మనిషి ఆమె. కానీ ఆ వీడియోలు ఎన్నిసార్లు చూసినా ఆ గోటి ఒడుపు మనకు రాదు. షుగర్ ఉన్నవాళ్లకు పిండివంటలెందుకనేది ఇంకో ప్రశ్న. నేర్చుకున్నదంతా తామే తినాలని ఎవరన్నారు? వండి పదిమందికీ పంచేవాళ్లు ఒక్క ముక్కతో తృప్తి పడగలరు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పూతరేకుల పొయ్యి జోలికి పోనక్కర్లేదు, పాకం గ్యాస్ స్టవ్ దగ్గర నిలబడి కూడా పట్టవచ్చు. వంటగది గడప తొక్కని మగవాళ్ల సంకోచానికి మాత్రం జవాబు చెప్పడం కూడా అనవసరం. మన పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పింది ఎవరు మరి?

నాకు నిజంగా కడుపు మండేది నకిలీని చూస్తే. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా ఆ పేరు పెట్టుకుని వనస్పతి పూసిన మందపాటి రేకుల్ని రంగు పెట్టెల్లో అమ్మే అన్యాయం ఆగలేదు. నెయ్యి వాసన లేదు, నోట్లో కరగదు, అయినా కొంటున్నారు. అసలు రుచి ఎరిగిన నాలుక తగ్గిపోతే అమ్మేవాడికి భయమెందుకుంటుంది? నెలల తరబడి కూర్చుని నేర్చుకున్న పెద్దవాళ్లు వీధికి ఒక్కరున్నా ఆ పెట్టెను విప్పగానే పక్కన పెట్టేస్తారు, ఎందుకు పెట్టారో మనవలకు చెబుతారు. అందుకే రిటైరైన వాళ్లను వేడుకుంటున్నాను: వారాంతపు తరగతికి కట్టే డబ్బును పొయ్యి దగ్గర బతుకంతా గడిపిన ఆ ఆడవాళ్లకే ఇవ్వండి, నేర్పినందుకు గురుదక్షిణగా, బేరమాడకుండా.